పోలిగాని కావలి

ఆ పొద్దు వేసుకొన్న ఏర్పాటు చాలా సులువైనది. ఎండ ముదరకముందే మిద్దె మీద విస్తరి పెట్టడం, కాకి వచ్చి ముట్టడం, కిందికి దిగి అందరూ భోంచేయడం, మధ్యాహ్నం బస్సుకు దూరపు చుట్టాలు వెళ్లిపోవడం. ఇందులో మనుషులు చేయవలసినవన్నీ వేళకు జరిగాయి. కాకి చేయవలసినది ఒక్కటే మిగిలిపోయింది.

ఈరన్న పెండ్లాం తిరుపతమ్మ పోయాక జరిపే పెద్ద దినం ఆనాడు. రోహిణి కార్తె. కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు. బనగానపల్లెకు కోసెడు దూరంలో ఉన్న ఆ ఊళ్లో పొద్దెక్కితే నాపరాళ్లు పెనాల మాదిరి కాలుతాయి. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో పెట్టి, మిద్దె మీద ఉంచి కాకిని పిలవడం వాళ్ల వాడుక. పిట్టకు పెట్టడమంటారు దాన్ని. కాకి ముట్టితే పోయినవాళ్లు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే వాళ్లకేదో కోరిక మిగిలి ఉన్నట్టు. అది తేలేదాకా కింద ఎవరూ మెతుకు నోట పెట్టకూడదు.

కింద తూర్పు వాకిట్లో పందిరి నిండా జనం. గంపల్లో ఓళిగలు, వడలు. పెద్ద కాగుల్లో అన్నం, పప్పు, మూతల కింద. నేతివాసనకు పందిట్లో మాటలు తగ్గి గుటకలు ఎక్కువయ్యాయి.

పెత్తనమంతా ఈరన్న అక్క వెంకటేశ్వరమ్మది. ఆమెను నంద్యాల పక్క ఊరికి ఇచ్చారు గానీ, పుట్టింట్లో చావులకూ పెండ్లిండ్లకూ ఆమె రాకపోతే మొదలు కావు. ఆమె ముందు, విస్తరి పట్టుకొని తిరుపతమ్మ తమ్ముడు అయ్యన్న వెనక, అతని వెనక ఈరన్న నిచ్చెన ఎక్కారు. అయ్యన్న కర్నూల్లో బంట్రోతు. కొత్త రాజధానిలో ఆఫీసులు డేరాల్లో ఉన్నాయి. అతని పని డేరా వాకిట్లో నిలబడడం. ఒక్క దినానికే సెలవు దొరికింది.

వెంకటేశ్వరమ్మ పెరటి వైపు ఒక చూపు చూసి మూతి విరిచింది.

"పెరడు కాదురా ఇది, అడివి. పెద్ద దినానికన్నా కొంచెం కొట్టించకూడదా?"

ఈరన్న ఏమీ అనలేదు. అది విశేషం కాదు. అతను ఏమీ అనడు.

తిరుపతమ్మ కాపురానికి వచ్చిన నాడు ఆ ఇంటి వెనక ఉన్నవి బండ, పల్లేరు ముండ్లు, నీళ్లు పోసుకొనే జలదారి రాయి, మూలన చిన్న వేపమొక్క. ఇంట్లో చప్పుడు కూడా అంతంతే. ఈరన్న 'ఊఁ' అంటే సరేనని అర్థం. అనకపోయినా సరేననే అర్థమని ఆమె కొన్నాళ్లకు నేర్చుకొంది. పిల్లలు కలగలేదు. ఒకనాడు ఆమె పగిలిన కాగు అడుగును పెరట్లో పెట్టి నీళ్లు పోసింది. రెండు పిచ్చుకలు వచ్చాయి. అక్కడినుండి ఆమె ఆగలేదు.

జలదారి నీళ్లు వీధిలోకి పోకుండా నాపరాతి ముక్కలు నిలబెట్టి వంకర కాలువ తీసింది. నీళ్లు దారిలో కరివేపను, నిమ్మను, గోరింటను, సీతాఫలాన్ని పలకరించి చివరికి వేప మొదట్లో ఇంకేవి. పడమటెండకు గోడ కాలకుండా దాని మీదికి దొండతీగ పాకించింది. ఎండాకాలంలో ఊళ్లో అందరూ విసనకర్రలతో వీధిలో పడుకొంటే ఆ ఇంట్లో మనిషి కునుకు తీయగలిగేవాడు. కంచెకు ఎండుకంప వేయనీయలేదు. బలుసు, రేగు పెంచింది. రాలిన ఆకును ఊడ్చి పారేయక చెట్ల మొదళ్లకు కప్పింది. మోళ్లు, మొద్దులు ఒక మూల పేర్చి ఉడుతలకు, తొండలకు వదిలేసింది. కోతల్లో మొదటి కొర్రకంకులు కుచ్చులుగా కట్టి పంచ దూలానికి వేలాడదీసేది.

కంచె అవతలి ఇల్లు మదార్ సాహెబ్‌ది. అతని భార్య బీబమ్మ ఒకసారి అడిగింది, ఇంటి చుట్టూ ఇన్ని చెట్లెందుకని.

"గోడ మొగుని మాదిరి బీబమ్మా," అంది తిరుపతమ్మ. "నీడ ఇస్తాది, నిలబడుకోని ఉంటాది. మాట్లాడల్లంటే చెట్టే."

వేప ఇప్పుడు మానైంది. దాని కొమ్మ ఒకటి మిద్దె మీదికి వంగి ఉంది. ఆ కొమ్మ చివరి పంగలో పసులపోలిగాడు గూడు పెట్టింది. పశువుల వీపుల మీద సవారీ చేస్తూ పురుగులేరుకొనే నల్ల పిట్ట అది. తోక కత్తెర మాదిరి చీలి ఉంటుంది. గుప్పెడు లేదు గానీ, గూట్లో పిల్లలుంటే కాకినైనా గద్దనైనా ఆ గాలిలోకి రానీయదు. అది తెలిసే పికిలిపిట్టలు గోరింటలో, గువ్వలు నిమ్మచెట్టులో, దాని కాళ్ల కిందనే గూళ్లు కట్టుకొన్నాయి. మదార్ సాహెబ్ దాన్ని కొత్వాల్ అంటాడు, ఊరి కావలికి అధికారి అన్నట్టు.

విస్తరిని మిద్దె నడుమ పెట్టారు. అన్నం ముద్ద, దాని మీద పూర్ణం నిండిన నేతి ఓళిగ, పక్కన వడ, వక్కాకు.

"కా... కా... రా తల్లీ, రా," అని వెంకటేశ్వరమ్మ చేతులు చాచి పిలిచింది.

చింతమాను మీద నుండి ఒక కాకి లేచింది. నేరుగా వచ్చి పిట్టగోడ మీద వాలింది. తల వంచి ఓళిగను చూసింది. రెండు గంతులు వేసింది. మూడో గంతు వేసేలోగా వేపకొమ్మ నుండి నల్లని రాయి ఒకటి విసిరినట్టు వచ్చి దాని నడి నెత్తిన తగిలింది. కాకి అరుచుకొంటూ ఊరి చివరి దాకా పోయింది.

"పోలిగాడు తరిమింది వదినా," అన్నాడు అయ్యన్న.

"నాకు కండ్లు లేవా? పోలిగాడు ఎవరి పిట్ట?"

"ఎవరి పిట్టేంది? పిట్ట."

"మీ అక్క పిట్ట! ఇన్నేండ్లు నీళ్లు పోసి సాకింది. ఆమె చెప్పందే తరుముతాదా? కాకిని వద్దంటాంది. ఏదో కోరిక మిగిలి ఉండాది దానికి."

 కింద పందిట్లో నుండి కులపెద్ద ఓబులప్ప గొంతు వినిపించింది.

"ఏమప్పా, ముట్టిందా?"

"ముట్టలే మామా! కోరిక ఉండాదంట!" అన్నాడు అయ్యన్న.

పందిట్లో ఒక్కసారిగా నిట్టూర్పు వినబడింది. తిరుపతమ్మ కోసమో, ఓళిగల కోసమో చెప్పడం కష్టం.

అటువంటప్పుడు పోయినవాళ్లకు మాట ఇవ్వాలి. మొదట అయ్యన్న చేతులు జోడించాడు. 

"అక్కా, నీ మనసులో ఏముందో నాకు తెలుసు. డేరాల్లో గవర్నమెంటు ఎట్లుంటాదో చూపించమని అడిగితివి. గుడ్డలే కదా, ఏం చూస్తావులే అని తీసకపోలే. తప్పైంది అక్కా."

ఇంకో కాకి వచ్చింది. పిట్టగోడ దాకా కూడా రాలేకపోయింది.

"అది కాదు," అంది వెంకటేశ్వరమ్మ. తాను కొంగు బిగించి ముందుకు వచ్చింది. "ఒసే తిరుపతమ్మా, నీ పెరడును అడివి అంటి. ఇందాక కూడా అంటి. ఇంగ అననే." ఒక్క క్షణం ఆగి, మెల్లగా, "ఇంగ అన్నా పడేదానికి నువ్వు యాడుండావు," అని కన్ను తుడుచుకొంది.

ఆమె ఏడుపు నిజమైనదే. కాకి రాలేదు. ముక్కు చీదేసరికి ఆమెకు అసలు సంగతి తట్టింది.

"తెలిసిందే! మొగుణ్ణి గురించే కదా నీ దిగులు! ముద్ద చేసి పెట్టే దిక్కు లేదనే కదా! నువ్వేం ఎంచుకోవద్దు. యాడాది తిరగనీ. మా ఆడబిడ్డ కూతురు ఉండాది, మొగుడు పోయి నాయనింట్లో ఉండాది, పని..."

మాట పూర్తి కాలేదు. చేతులు ఊపుతూ ఆమె వేపకొమ్మ కిందికి పోయింది. పోలిగాడు వచ్చి కొప్పు మీద తన్నింది. కొప్పు ఊడి వీపు మీద పడింది.

"బాగైంది!" అన్నాడు అయ్యన్న. "పెద్ద దినం కూడా దాటలే, మా అక్క విస్తరి ముందర నిలబడి రెండో పెండ్లి మాటెత్తుతావా? తన్నక ఏం చేస్తాది?"

"నీ అక్క కోసమే అంటినిరా!"

"నా అక్క కోసం నా బావకు పెండ్లి చేస్తావా?"

"మీ వాళ్లకు మొదట్నుంచి ఇంతే. మంచి చెప్తే ముండ్లు."

"మా వాళ్లా? మా అక్కను అడివిదానా అని పిలిచింది ఎవరు?"

"పెరడును అంటి! మనిషిని కాదు!"

పందిట్లో రెండు వైపుల చుట్టాలూ ఉన్నారు. పై మాటలు కిందికి చేరాయి. కిందివాళ్లూ తలా ఒక మాట అందుకొన్నారు. ఆకలి మీద ఉన్న మనుషులకు తగాదా కొంత ఆసరా.

ఈరన్న మాత్రం నిచ్చెన కాడ గొంతుక్కూర్చొని ఉన్నాడు. తువ్వాలు నెత్తిన వేసుకొని, కొమ్మ చివర చూస్తున్నాడు. గూటి అంచు మీదుగా నోళ్లు తెరుచుకొని లేస్తున్నాయి, మూసుకొని పడుతున్నాయి. తల్లి పిట్ట ఒక మిడతను తెచ్చి ఒక నోట్లో పెట్టింది. ఈ గొడవలో కూడా దానికి ఏ నోటి వంతో తెలిసే ఉన్నట్టుంది.

పొద్దు నడినెత్తికి వచ్చింది. ఓబులప్ప ఓర్చుకోలేక నిచ్చెన ఎక్కి తల మాత్రం పైకి పెట్టాడు. పండ్లు లేవు గానీ ఓళిగకు పండ్లతో పని లేదని ఆయన పొద్దున్నే చెప్పి ఉన్నాడు.

"ఒక్క కాకి అయితే బెదురుతాది. పది కాకులొస్తే ఈ పోలిగాడు ఎంతమందిని తరుముతాది? ఒకదాన్ని తరుముతాంటే ఇంకోటి ముట్టుతాది." ఆయన కంచె వైపు తిరిగి అరిచాడు. "మదారూ! మీ ఇంట్లో కోడిపేగులేమన్నా ఉండాయా?"

మదార్ సాహెబ్ తన వాకిట్లో నుండి తల ఎత్తాడు. "పెద్ద దినానికి కోడిపేగులేందప్పా?"

"తినేదానికి కాదులేప్పా. పిలిచేదానికి."

మదార్ సాహెబ్ ఇంటికీ ఆ పొద్దు అల్లుడు వచ్చి ఉన్నాడు. కోడిని కోశారు. బీబమ్మ వద్దంటున్నా వినక, పక్కింటి ఆపదలో తానూ ఒక చేయి వేయాలని, అతను పేగులను ఆకులో చుట్టి తెచ్చి కిందినుండే మిద్దె మీదికి విసిరాడు.

కాకులు వచ్చాయి. చింతమాను మీదివి, చెరువుగట్టువి, పక్క ఊరివి కూడా కాబోలు. మిద్దె మీద ఆకాశం నల్లబడింది. ఓబులప్ప తల కిందికి పోయింది.

తర్వాత జరిగినదాన్ని యుద్ధమనవచ్చు. పోలిగాడు, దాని పెంటి కలిసి రెండు కత్తెరల మాదిరి ఆ నలుపును కోశాయి. గోరింటలో నుండి పికిలిపిట్టలు లేచాయి. ఎప్పుడూ ఎవరినీ ఒక మాట అనని గువ్వలు కూడా రెక్కలు టపటపలాడించాయి. గోరింకలు కేకలు పెట్టాయి. ఉడుత తోక ఎగరేసి తిట్టింది. తిరుపతమ్మ పెట్టిన నీళ్లు తాగిన ప్రతి ప్రాణీ ఆ పూట తన వంతు తాను చేసింది. కాకులు పేగులను కూడా వదిలేసి ఇంటి అవతలికి మళ్లాయి.

ఇంటి అవతల తూర్పు వాకిలి. పోలిగాని కావలి అక్కడిదాకా లేదు. అక్కడ పందిరి కింద, మూతల్లేని గంపల్లో ఓళిగలు, వడలు.

ఆడవాళ్ల కేకలు విని మిద్దె మీదివాళ్లు తూర్పు పిట్టగోడ కాడికి పరుగెత్తేసరికి, ఓబులప్ప తలపాగా విప్పి ఊపుతున్నాడు. ఒక కాకి వడను ముక్కున పెట్టుకొని ఆయన భుజం పక్కనుండే పోయింది. ఓళిగలు కొన్ని చింతమాను కొమ్మల మీద ఆరేసినట్టు వేలాడుతున్నాయి. గంపల్లో మిగిలినవాటికి పొడవని అంచు లేదు.

"ముట్టినాయి!" అని అయ్యన్న ఎగిరి గంతేశాడు. "ముట్టినాయి కదా! ఇంగేం!"

"ముట్టింది వంటను," అంది వెంకటేశ్వరమ్మ. "విస్తరిని కాదు. చూడు, ఆమెది ఆమెకు అట్లనే ఉండాది. మనదే ఎంగిలైంది. ఆమె తినలే, మనల్నీ తిననీయలే. ఎంత కోపం ఉండాదో చూడండప్పా!"

"ఇంత కోపం యాడిదమ్మా ఆ తల్లికి," అన్నాడు ఓబులప్ప ఎంగిలైన గంపను చూస్తూ. "బతికినన్నాళ్లు గువ్వ మాదిరుండె."

అంతలో ఊరి బయట బస్సు హారన్ మోగింది. అయ్యన్న ముఖం వాడిపోయింది. హారన్ ఇంకోసారి మోగి, దూరమై, ఆగిపోయింది.

"పోయె," అన్నాడు. "రేపు పొద్దున డేరా కాడ నేను లేకపోతే ఆఫీసరుకు ఏం చెప్పల్ల? కాకి రాలేదని చెప్పల్లా?"

 అయ్యన్న గబగబా నిచ్చెన దిగి గొడ్డలి తీసుకొని పైకి వచ్చాడు.

"ఆ కొమ్మ కొట్టేస్తే పోలిగాడు లేదు, గూడు లేదు. కాకి వస్తాది, ముట్టుతాది, మా అక్క పోతాది, నేనూ పోతా. పొద్దున్నే చేయాల్సిన పని ఇది."

"అదీ మాట," అంది వెంకటేశ్వరమ్మ. ఆ పొద్దు ఆ ఇద్దరికీ కుదిరిన మొదటి మాట అది. "అడివి అని నేను మొదట్నుంచి..." అని, ఇచ్చిన మాట గుర్తుకు వచ్చి ఆపుకొంది.

అయ్యన్న గొడ్డలి ఎత్తాడు. దెబ్బ పడలేదు. కొమ్మ మీద ఒక చేయి ఉంది. ఈరన్నది.

"వద్దు."

పొద్దున్నుండి ఈరన్న నోటి నుండి వచ్చిన మొదటి మాట. మిద్దె మీద అందరూ అతను అక్కడున్నట్టు అప్పుడే చూశారు.

"చేయి తీయి బావా."

"పిల్లలుండాయి."

"పిట్ట పిల్లల కోసం మా అక్కను తిప్పలు పెడతావా? ఆమె ఆకలిగొని ఈడనే తిరుగుతాంటే నీకు బాగుంటాదా?"

"మీ అక్కే చెప్పింది."

అయ్యన్న గొడ్డలి దించాడు. "ఏం చెప్పింది?"

ఈరన్నకు వరసగా నాలుగు మాటలు చెప్పే అలవాటు లేదు. ఒక్కొక్కటే వెతుక్కొని తెచ్చాడు.

"కాకులను రానియ్యొద్దు అనింది. పిల్లలకు రెక్కలొచ్చేదాకా."

"ఎప్పుడనింది?"

"చివర్న."

వెంకటేశ్వరమ్మ దగ్గరికి వచ్చింది. "చివర్న అంటే ఎప్పుడురా?"

"తులసినీళ్లు పోసే ముందర."

"పోయేముందర మనిషి చెప్పే మాటనారా అది? నీ గురించి ఏమీ చెప్పలేదా?"

 ఆ ప్రశ్న ఈరన్నకు కొత్తది కాదు. మంచం పక్కన కూర్చొని, తడిగుడ్డ పెదవులకు అద్దుతూ, ఆమె కండ్లు తెరిచినప్పుడల్లా అతను ముందుకు వంగేవాడు. ఒక్క మాట. ఏదైనా సరే. తిట్టైనా సరే. చివరికి ఆమె చేయి ఎత్తి కిటికీలో నుండి వేపకొమ్మ వైపు చూపించింది. కాకులను రానియ్యొద్దు అంది. అతను 'ఊఁ' అన్నాడు. ఆమె ఇంకేదో చెప్పబోయినట్టు పెదవులు కదిలాయి గానీ, మాట రాలేదు. జీవితమంతా కాపురం చేసిన ఇల్లాలు చివరి మాటను పిట్టలకిచ్చి పోయింది. ఆ సంగతి నలుగురికి చెప్పుకోవడం ఎట్లా?

"పొద్దుట్నుంచి ఎందుకు చెప్పలేదురా, మొద్దు?" వెంకటేశ్వరమ్మ గొంతులో కోపం లేదు.

"మీరు అడగలే."

నిజమే. పొద్దున్నుండి వాళ్లు కాకిని అడిగారు, పోయినామెను అడిగారు, ఆకాశాన్ని అడిగారు. మూరెడు దూరంలో కూర్చున్న మొగుణ్ణి అడగాలని ఎవరికీ తోచలేదు.

ఓబులప్ప మళ్లీ నిచ్చెన మీదికి వచ్చాడు. విషయం విని చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"అట్లయితే కాకి రాకపోతేనే ఆమె కోరిక తీరినట్టు."

"కాకి ముట్టకపోతే కోరిక మిగిలినట్టు కదా మామా?" అన్నాడు అయ్యన్న.

"అవును. ముట్టితే కోరిక చెడిపోయినట్టు."

"అంటే ఎట్ల చేసినా అన్నం లేదా?" అని కింద నుండి ఎవరో అడిగారు.

ఈ చిక్కు విప్పగలిగిన మనిషి ఆ ఊళ్లో లేడు. అందరూ విస్తరి చుట్టూ నిలబడ్డారు. అన్నం ఎండకు బిరుసెక్కింది. ఓళిగ మీది నెయ్యి కరిగి, బెల్లపు వాసనకు ఈగలు చేరి ముసిరాయి. అయ్యన్న గొడ్డలిని పక్కన పెట్టి, తువ్వాలుతో ఈగలను తోలబోయి, ఎందుకో మానేశాడు. అక్క విస్తరి మీద గుడ్డ విసరడానికి అతనికి చేయి రాలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకొని వెంకటేశ్వరమ్మ ఏడ్చింది. ఈసారి ఎవరికీ వినబడకుండా.

అప్పుడు పోలిగాడు కొమ్మ వదిలింది. తల మీదుగా కత్తెర తోక ఒకసారి తెరుచుకొని, విస్తరి మీదికి జారి, ఓళిగ పక్కన ముక్కు ఒకసారి ఆనించినట్టు వంగి, మళ్లీ లేచి గూటికి పోయింది.

"ముట్టింది!" అని వెంకటేశ్వరమ్మ అరిచింది. "ముట్టింది రోయ్! ముట్టింది!"

"అది కాకి కాదు కదా వదినా," అన్నాడు అయ్యన్న. అనేటప్పుడే అది కాకి కావాలని అతని ముఖమంతా కోరుకొంటోంది.

అందరూ ఓబులప్ప వైపు చూశారు. ఓబులప్ప కడుపు నిమురుకొన్నాడు.

"నలుపే కదప్పా. రెక్కలుండాయి. పొద్దుట్నుంచి చూస్తాండాం, ఈ ఊరి కాకులన్నీ దాని మాటకు లోబడి ఉండాయి. కాకులను కొట్టేది కాకులకు పెద్ద. పెద్ద ముట్టినాక చిన్నవాండ్ల లెక్కేంది? కూడు పెట్టండి."

ఈరన్న చూశాడు. ఆ పిట్ట పట్టింది ఈగను. ముక్కు ఓళిగకు తగలలేదు. అంత దగ్గరగా చూసినవాడు అతనొక్కడే. ఆ పొద్దుకు తాను చెప్పవలసిన మాటలు ఐపోయాయి కనుక, ఇది చెప్పలేదు.

కాగుల మీది మూతలు కాపాడిన అన్నం, పప్పు తిని, చింతమాను మీది ఓళిగలను చూస్తూ చేతులు కడుక్కొని, చుట్టాలు బండ్లు కట్టుకొని పోయారు. అయ్యన్న బండి ఎక్కబోతూ బావ చేతులు పట్టుకొన్నాడు. వెంకటేశ్వరమ్మ పోతూ పోతూ పగిలిన కాగు అడుగులో ఒక చెంబు నీళ్లు పోసింది. ఎవరూ చూడలేదనుకొంది.

పొద్దు వాలింది. దొండతీగ ఆకుల మీద చివరి ఎండ ఉంది. ఈరన్న పంచలో కూర్చొన్నాడు. కంచె సందులో నుండి బీబమ్మ పిలిచింది.

"ఈరన్నా. మిద్దె మీద నువ్వు చెప్పింది ఈడికి వినబడె."

"ఊఁ."

"కాకుల మాట నాకూ చెప్పింది. మంచాన పడకముందే. ఇంకో ముక్క కూడా చెప్పె. నీకు చెప్పలేదేమో."

ఈరన్న లేచి నిలబడ్డాడు.

"నేను పోతే ఆ మనిషికి నోరు తెరిచే పనే ఉండదు బీబమ్మా అనె. తెల్లారితే పిట్టలన్నా అరవల్ల. నీళ్లు పెట్టేది మరిస్తే పోలిగాడు నెత్తిన తన్నల్ల. తంతే తిట్టన్నా తిడతాడు. దినానికి ఒక మాటన్నా వస్తాది. అందుకే ఆ గూడు చెడగూడదు, అనె."

బలుసు కంచెలో ఏదో చిన్న పిట్ట సర్దుకొంటున్న చప్పుడైంది. బీబమ్మ కాచుకొంది. ఈరన్న 'ఊఁ' కూడా అనలేదు. తువ్వాలు తీసి ముఖానికి అడ్డం పెట్టుకొన్నాడు. ఆమె తల తిప్పుకొని ఇంట్లోకి పోయింది.

తెల్లవారి ఈరన్న చెంబుతో పెరట్లోకి దిగాడు. పోలిగానికి తెలిసినది తిరుపతమ్మ ఆకుపచ్చ చీర. తలగుడ్డ కట్టిన మొగమనిషి గూటి కిందికి రావడం అది ఒప్పుకోలేదు. మొదటి తన్నుకు తలగుడ్డ కదిలింది. రెండో తన్నుకు ఊడి కాలువలో పడింది.

"ఏయ్! కండ్లు కనపడలేదా నీకు? నీళ్లు ఎవరికనుకున్నావు, నాకా? నీ పిల్లల కోసం నిన్న గొడ్డలికి చేయి అడ్డం పెడితినే, గుర్తు లేదా? ఆమె నిన్ను నెత్తికెక్కించుకొని పెంచింది, ఆమె మాదిరే నీకూ మొండి..."

కంచె అవతల మదార్ సాహెబ్ వేపపుల్ల నోట్లో పెట్టుకొని ఆగిపోయాడు.

"ఎవరితో మాట్లాడతాండాడు?"

"కొత్వాలుతో," అంది బీబమ్మ. "ఊరికే ఉండు. వినబడనీ."

ఎండ కంచె దాటి వచ్చేదాకా తిడుతూనే ఉన్నాడు. అందులో సగం మాటలు తిరుపతమ్మకు దక్కి ఉంటే, ఆ పెరటికి ఒక్క తులసిచెట్టు సరిపోయేది.